మూతపడిన మండువా లోగిలికి మరమ్మతు అంచనా: కోనసీమలోని ఒక ఇంటి కేస్ స్టడీ

పాడుబడిన ఇంటిని బాగు చేయించుకోదలచిన యజమాని మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "అడుక్కి ఎంత పడుతుందండీ?" కొత్త ఇంటి విషయంలో ఈ ప్రశ్న సబబైనదే. ఎన్ని అడుగులు కడితే ఎంత సిమెంటు, ఎంత ఇనుము, ఎంత కూలి అవుతాయో అనుభవం మీద తేలిపోతుంది కాబట్టి చదరపు అడుగు రేటుకు అక్కడ ఒక అర్థం ఉంది. పదిహేనేళ్లుగా తాళం వేసి ఉన్న ఇంటికి మాత్రం ఆ రేటు పనికిరాదు. ఖర్చును నిర్ణయించేది ఇంటి వైశాల్యం కన్నా, కప్పులోని కర్రకూ గోడలోని అడుసుకూ ఈ పదిహేనేళ్లలో నీరు ఎంత నష్టం చేసిందన్న విషయం. అది బయటి నుంచి కనిపించదు.

ఇక్కడ వివరిస్తున్నది కోనసీమలోని ఒక గ్రామంలో, గోదావరి పాయకు దగ్గరలో ఉన్న మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన చోటు (మండువా) ఉండే పాతకాలపు ఇల్లు. కుటుంబం చెప్పిన ప్రకారం 1930ల్లో కట్టినది. యజమాని అమెరికాలో స్థిరపడ్డారు. ఏటా రెండు నెలలు వచ్చి ఉండేందుకు వీలుగా, రూపురేఖలు మార్చకుండా ఇంటిని బాగు చేయాలన్నది ఆయన కోరిక. మరమ్మతు అంచనా కోసం నన్ను పిలిచేసరికే ఆయన చేతిలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. స్థానిక కాంట్రాక్టరు ఒకరు అడుక్కి 900 రూపాయల చొప్పున మొత్తం ఇల్లు చేసి ఇస్తానని కాగితం మీద రాసి ఇచ్చారు. బంధువొకరు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకోమని, కలప కొనడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడని చెప్పారు.

ఇంటి కొలతలు

బయటి కొలత 52 అడుగులు, 46 అడుగులు. అంటే 2,392 చదరపు అడుగులు. మధ్యలో 12 అడుగులకు 10 అడుగుల మండువా, దాని చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు, నాలుగు వైపులా వసారాలు, వాటి వెనుక గదులు. బయటి గోడలు సున్నంతో కట్టిన అడుగున్నర ఇటుక గోడలు. లోపలి అడ్డగోడలు మట్టి అడుసుతో కట్టి పైన సున్నం పూసినవి. ఈ తేడా తరువాత చాలా ముఖ్యమైంది. కప్పు టేకు దూలాల మీద తాటి వాసాలు, వాటిపైన బంగాళా పెంకు. పడమటి వైపు వంటింటి మీద మాత్రం 1996 నవంబరు తుపానులో పెంకులన్నీ లేచిపోవడంతో అప్పట్లో సిమెంటు రేకులు వేశారు. వీధి గది గోడ మీద 1986 ఆగస్టు వరద నీరు నిలిచిన గుర్తు ఇంకా ఉంది.

చదరపు అడుగు రేటులోని తొలి లోపం కప్పు దగ్గరే బయటపడింది. కాంట్రాక్టరు కప్పును కూడా 2,392 అడుగుల లెక్కలోనే వేశారు. చూరు నాలుగు వైపులా రెండడుగులు బయటికి, మండువాలోకి కూడా రెండడుగులు వస్తుంది కాబట్టి, నేల మీద దాని నీడను కొలిస్తే 56 అడుగులకు 50 అడుగులు, అందులో నుంచి మండువా పైన తెరిచి ఉన్న 8 అడుగులకు 6 అడుగులు తీసివేయాలి, మిగిలేది 2,752. కప్పు వాలు సుమారు 30 డిగ్రీలు. ఆ వాలుకు 1.155తో హెచ్చవేస్తే 3,180 చదరపు అడుగులు వస్తుంది. అంటే పెంకు వేయవలసిన విస్తీర్ణం ఇంటి విస్తీర్ణం కన్నా మూడో వంతు ఎక్కువ. ఈ ఒక్క లెక్కతోనే 900 రూపాయల కొటేషన్ నిలబడదని తేలింది. ఆ కొటేషన్ ఇచ్చినవారికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. స్లాబు ఇళ్లు కట్టే అలవాటులో కప్పును వేరుగా కొలవవలసిన అవసరం వారికి రాదు.

తెరిచి చూడడం

అంచనా వేయడానికి ముందు, 28,000 రూపాయలు ఖర్చు పెట్టి ఇంటిని కొన్నిచోట్ల తెరిచి చూడడానికి యజమాని అనుమతి తీసుకున్నాను. ఈ ఖర్చు అంచనాలో భాగం కాదు. అంచనా వేయడానికి అయ్యే ఖర్చు. చాలామంది యజమానులు దీనికి వెనుకాడతారు. పని మొదలయ్యాక మధ్యలో రెండు లక్షలు అదనమని వినడం కన్నా ముందే ఇంత పెట్టి తెలుసుకోవడం నయమని వారికి నచ్చజెప్పడం ఈ వృత్తిలో సగం పని.

ఉత్తరపు వాలులో 10 అడుగులకు 10 అడుగుల మేర పెంకులు దించాము. బంగాళా పెంకు 100 చదరపు అడుగులకు ఇంచుమించు 150 పడుతుంది. దించిన 150లో చేతి వేళ్లతో తడితే కంగుమని మోగినవి, గాడి అంచులు విరగనివి 97. నైరుతి వాన నేరుగా తగిలే వాలు ఇంతకన్నా అధ్వానంగా ఉంటుంది కాబట్టి, మొత్తం మీద 60 శాతం తిరిగి వాడుకోవచ్చని తీసుకున్నాను.

దూలాల పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేయవలసినది. దూలం మధ్యలో బాగుంటుంది. గోడలో కూరుకుపోయిన కొన దగ్గర పుచ్చుతుంది, ఎందుకంటే గోడ పీల్చిన తేమ అక్కడ ఆరదు. వడ్రంగి మేస్త్రీ ముందుగా ఉలి మొనతో అందిన ప్రతి కొననూ పొడిచి చూశాడు, అనుమానం ఉన్నచోట 6 ఎంఎం బిట్‌తో డ్రిల్ చేశాడు. పడమటి గదిలోని ఒక దూలంలో మొదటి అంగుళం వరకు టేకు రంగు పొడి, ఆ వాసనతో సహా వచ్చింది. ఆ తరువాత బిట్ ఒక్కసారిగా జారి లోపలికి దిగిపోయి, నల్లటి తడి పొడి వేళ్లకు అంటుకుంది. "పైన డొప్పేనండి, లోపల కర్ర లేదండి" అన్నాడు మేస్త్రీ. రంగు వేసి ఉన్న ఆ దూలాన్ని కింద నిలబడి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. మొత్తం 14 దూలాలలో ఐదు కొనలు ఇలా తేలాయి. గోడ లోపలికి ఉలి చేరని కొనలు మరికొన్ని ఉన్నాయి కాబట్టి ఈ ఐదు అనేది కనీస సంఖ్య అని నివేదికలో స్పష్టంగా రాశాను.

మండువా లోపలి మూలలు నాలుగూ విడిగా చూడవలసినవి. రెండు వాలుల నీరు ఒకచోట కలిసి దిగే ఆ మూలల్లో రేకు దోనె తుప్పు పట్టి చిల్లులు పడితే, నీరంతా మూలవాసం మీదనే కారుతుంది. నాలుగు మూలవాసాల్లో రెండు పూర్తిగా మార్చవలసి వచ్చింది. నా అనుభవంలో మండువా ఇంటి నాశనం మొదలయ్యేది అక్కడే. ముందు దోనె పోతుంది, దాని వెంట మూలవాసం, స్తంభం పైకొన, చివరికి వసారా.

కప్పు అంచనా

పుచ్చిన దూలాన్ని మార్చాలా, కొన మాత్రమే అతకాలా అన్నది డబ్బు పరంగా పెద్ద నిర్ణయం. 16 అడుగుల పొడవు, 8 అంగుళాలకు 10 అంగుళాల మందం ఉన్న దూలంలో 8.89 ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. మాకు దొరికిన టేకు ధర ఘనపుటడుగుకు 4,800 రూపాయలు. అంటే కర్రకే 42,670 అవుతుంది, దించి ఎక్కించే కూలి దానికి అదనం. కొన మాత్రం కోసి, ఏటవాలు అతుకుతో మూడున్నర అడుగుల కొత్త టేకు చేర్చి, రెండు పక్కలా ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగిస్తే కర్రకు 9,330, ఇనుముకు 3,500, ఇద్దరు వడ్రంగులకు రెండు రోజుల కూలి 4,800, సరుగుడు బాదులతో కింద పోట్లు పెట్టడానికి 2,000. మొత్తం 19,630 రూపాయలు. ప్రభుత్వ రేట్ల పట్టిక అయిన ఎస్ఎస్‌ఆర్‌లో ఇలాంటి పనికి నేరుగా వాడుకోదగిన రేటు దొరకదు కాబట్టి, సామాను, కూలీ విడివిడిగా రాసి ఈ రేటు లెక్క తయారు చేసుకున్నాను. ఐదు కొనలకు 98,150 అయింది. మూలవాసాలు రెండూ 18 అడుగులవి, ఒక్కొక్కటి 6 ఘనపుటడుగులు; వాటికి 57,600.

తాటి వాసాల విషయం వేరు. ముదురు తాడి చేవను చెదలు సులభంగా ముట్టవు కానీ, లేత తాడి నుంచి తీసిన వాసాలు తొందరగా పోతాయి. 210 వాసాల్లో 70 మార్చవలసినవిగా గుర్తించాము. నాణ్యమైన ముదురు తాటి వాసాలు ఇప్పుడు కావలసినన్ని దొరకవు, దొరికినా కోసే పనివాళ్లు తక్కువ. అందుకని మద్ది కర్ర తీసుకున్నాము: 14 అడుగుల పొడవు, 4 అంగుళాలకు 3 అంగుళాలు, మొత్తం 81.7 ఘనపుటడుగులు, 1,800 చొప్పున 1,47,060. రీపర్లను (పెంకులు ఆనే సన్నని కర్ర పట్టీలను) పాతవి వాడదామన్న ఆలోచన నేను ఎప్పుడూ చేయను. పన్నెండున్నర అంగుళాల ఎడంతో 3,180 అడుగుల కప్పుకు సుమారు 3,050 అడుగులు, తరుగుతో 3,200 అడుగులు, 28 రూపాయల చొప్పున 89,600.

పెంకుల్లో ఒక చిక్కు ఉంది. కప్పు మొత్తానికి 4,770 కావాలి. పగుళ్లకు కలుపుకొని 5,000. రేకులున్న భాగం పోగా ఉన్న పాత పెంకులు 3,840, వాటిలో తిరిగి వాడదగినవి 2,300. మిగిలిన 2,700 కొత్తవి కొనాలి. అయితే ఒక్కొక్క ఫ్యాక్టరీ అచ్చు ఒక్కొక్క రకంగా ఉంటుంది. గాడి కొలత కొద్దిగా తేడా వచ్చినా పాత పెంకూ కొత్త పెంకూ ఒకదానిలో ఒకటి సరిగా కూర్చోవు, ఆ సందులోంచి గాలివాన లోపలికి కొడుతుంది. కాబట్టి ఒకే వాలులో రెండింటినీ కలపకుండా, వీధి వైపు, మండువా వైపు పాతవి, వెనుక వాలులకు కొత్తవి అని ముందే విభజించాము. కొత్త పెంకు దింపుడు కూలితో 42 రూపాయలు పడింది, మొత్తం 1,13,400. పాత కప్పు దించడం, కర్రపని, పెంకు నేయడం కలిపి కూలి వాలు అడుక్కి 95 చొప్పున 3,02,100. కొప్పు పెంకులకూ, మూల దోనెలకు మందమైన అల్యూమినియం రేకుకూ 64,000. అన్నీ కలిపి కప్పుకు 8.72 లక్షలు.

పడమటి రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉన్నందున వాటిని పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, మాస్కులు పెట్టుకున్న మనుషులతో దింపించాలని, పెరట్లో పూడ్చకూడదని పనుల వివరాల్లో రాశాను. ఈ వాక్యం రాయకపోతే కూలీలు సుత్తితో కొట్టి దించడం ఖాయం.

పడగొట్టి కలప అమ్మమన్న సలహాను కూడా అంకెల్లో పరిశీలించాము. కలప వ్యాపారి మొత్తంగా 3.75 లక్షలు ఇస్తానన్నాడు. స్తంభాలలో 42.7, దూలాలలో 124.4, మూలవాసాలలో 24, వెరసి 191 ఘనపుటడుగుల టేకు ఆ ఇంట్లో ఉంది. అదే కర్రను మేము కొన్న ధరకు కొనాలంటే 9.17 లక్షలు కావాలి, ఇందులో ద్వారబంధాలు, తలుపులు లెక్కలోకి రాలేదు. ఆ విస్తీర్ణంలో కొత్త స్లాబు ఇంటికి అడుక్కి 2,000 వేసుకున్నా 47.84 లక్షలు అవుతుంది. ఈ పోలిక చూపించాక పడగొట్టే మాట మళ్లీ రాలేదు.

గోడలు

గోడల తేమ విషయంలో ఆ ఇల్లే ఒక ప్రయోగశాలలా ఉంది. పునాది మీద తేమను ఆపే పొర ఆ కాలపు ఇళ్లలో ఉండదు; డెల్టా నేలలో నీటి మట్టం పైనే ఉంటుంది కాబట్టి తేమ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. తూర్పు గదిలో పాత సున్నపు పూత అలాగే ఉంది, అక్కడ తేమ గీత రెండడుగుల ఎత్తులో ఆగింది. మిగిలిన గదుల్లో ఎప్పుడో సిమెంటు పూత పూశారు. అక్కడ అదే గీత అయిదడుగుల దాకా వెళ్లింది, పూత వెనుక ఉప్పు పొరలు కట్టి, వేలితో నొక్కితే రాలిపోతోంది. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు పూత దారి మూసేస్తుంది కాబట్టి తేమ ఇంకా పైకి వెతుక్కుంటూ పోతుంది. మళ్లీ సిమెంటే పూస్తే అడుక్కి 60 రూపాయలతో పోతుంది, సున్నానికి 125 అవుతుంది. 4,200 చదరపు అడుగులకు ఈ తేడా 2.73 లక్షలు. యజమాని ఇక్కడ చాలా ఆలోచించారు. తూర్పు గదిని వీడియోలో చూపించి, సిమెంటు పూత కొద్ది సంవత్సరాల్లోనే మళ్లీ రాలుతుందని చెప్పాక ఒప్పుకున్నారు. సున్నం పూతకు 5.25 లక్షలు వేశాము. సున్నాన్ని ముందుగా తడిపి, గానుగ ఆడించి, ఇసుకతో పాటు ఇటుక పొడి కలిపి వాడాము. కరక్కాయ, బెల్లం నీళ్లు మేస్త్రీ తన పద్ధతిలో కలిపాడు.

వాయవ్య మూలన రావి మొక్క గోడలో పెరిగింది. కొమ్మలు నరికితే సరిపోతుందనుకోవడం పొరపాటు. వేరు అడుసులో ఎంత దూరం పాకిందో అంత గోడా విప్పవలసిందే. ఆ మూల విప్పి కట్టడానికి, పగుళ్లు కుట్టడానికి 75,000.

మిగిలిన పనులు, మొత్తం

కడప బండలు లేపి, చదును చేసి మళ్లీ పరచడానికి 1.35 లక్షలు. తలుపులు, కిటికీలకు 1.45 లక్షలు. చెక్క పట్టీల మీద వేసిన పాత వైరింగు, పింగాణీ ఫ్యూజులు మొత్తం తీసివేసి ఎర్తింగుతో సహా కొత్తది వేయడానికి 2.60 లక్షలు. నీళ్ల పైపులు, రెండు స్నానాల గదులు, సెప్టిక్ ట్యాంకు కలిపి 4.10 లక్షలు, అందులో ట్యాంకు వాటా 1.40. చెదల మందు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం గోడ, నేల కలిసేచోట అడుగు అడుగుకూ రంధ్రాలు వేసి పోయడానికి 60,000. శుభ్రం చేయడం, పోట్లు, పరంజాలకు 1.20 లక్షలు. వెల్ల, రంగులకు 1.80 లక్షలు. కప్పు, గోడలతో కలిపి మొత్తం 27.82 లక్షలు.

దీనిపై అనుకోని ఖర్చులకు ఎంత కలపాలన్నదే అసలు ప్రశ్న. కొత్త పనులకు అలవాటుగా వేసే ఒకే శాతాన్ని మొత్తం మీద వేస్తే, తెలిసిన పనులకు అనవసరంగా ఎక్కువ, తెలియని పనులకు ప్రమాదకరంగా తక్కువ అవుతుంది. అందుకే పనులను రెండు తరగతులుగా విడదీశాను. విప్పితే తప్ప పరిమాణం తెలియని కప్పు, గోడలు, భూమిలోకి దిగే సెప్టిక్ ట్యాంకు కలిపి 16.12 లక్షలు, వీటి మీద 25 శాతం, అంటే 4.03 లక్షలు. ముందే లెక్క పెట్టగలిగిన మిగిలిన 11.70 లక్షల మీద 5 శాతం, సుమారు 0.59 లక్షలు. ఈ రెండూ కలిపితే అంచనా 32.44 లక్షలకు చేరింది. అడుక్కి ఎంత అని అడిగిన యజమానికి 1,356 అని చెప్పవచ్చు, కానీ ఆ అంకెను పక్క ఊళ్లోని మరో లోగిలికి తీసుకెళ్లి వాడవద్దని కూడా చెప్పాను.

ఒప్పందాన్ని కూడా ఇదే విభజన ప్రకారం రాశాము. కప్పు, గోడలు, ట్యాంకు పనులకు కొలతల మీద చెల్లింపు: ఎన్ని దూలం కొనలు, ఎన్ని వాసాలు, ఎన్ని అడుగుల పూత అని కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాసి, ఫోటో తీసి, యజమానికి పంపిన తరువాతే బిల్లు. మిగిలినవి గుత్త పని, అంటే మొత్తానికి ముందే ఒప్పుకున్న ఒకే ధర. అన్నిటినీ గుత్తకు ఇస్తే పుచ్చిన దూలానికి రంగు పూసి వదిలేయాలన్న ఆశ కాంట్రాక్టరుకు సహజంగా కలుగుతుంది. అన్నిటినీ కొలతలకు ఇస్తే చిన్న పనుల లెక్కతోనే రోజులు గడిచిపోతాయి.

కాలం సంగతి కూడా డబ్బే. కప్పు విప్పితే సంక్రాంతి తరువాత విప్పాలి, జూన్‌లో నైరుతి వానలు పడేలోగా మూయాలి. ఆ మధ్యలో దాళ్వా (రెండో పంట వరి) కోతలకు కూలీలు వెళ్లిపోతారు కాబట్టి పెంకు నేత కోతలకు ముందే పూర్తయ్యేలా క్రమం వేసుకున్నాము. టార్పాలిన్ల అద్దెను పరంజాల పద్దులోనే కలిపాము.

అంచనాకూ వాస్తవానికీ తేడా

కప్పు పూర్తిగా విప్పాక పాత పెంకుల్లో పనికొచ్చినవి 52 శాతమే తేలాయి. 300 పెంకులు అదనంగా కొనడానికి 12,600. దూలం కొనలు ఐదు కాస్తా ఏడయ్యాయి, 39,260 పెరిగింది. వాసాలు మరో 18 మార్చాము, 37,800. కప్పు మీద మొత్తం అదనం 90,000 లోపు.

గోడల్లో పెద్ద దెబ్బ మనం ఊహించని చోట తగిలింది. దేవుడి గదికీ సామాను గదికీ మధ్య ఉన్న మట్టి అడుసు గోడ పూత తీసేదాకా నిటారుగానే ఉంది. పూత తీశాక ఇటుకల మధ్య అడుసు చెదలకూ ఎలుకలకూ పోయి, చేతితో లాగితే ఇటుక ఊడి వచ్చింది. గోడ మొత్తం పోట్ల మీద కప్పును నిలిపి తిరిగి కట్టడానికి 1.38 లక్షలయింది. సెప్టిక్ ట్యాంకు గుంటలో మూడడుగులకే నీళ్లు ఊరాయి. తోడుతూ అడుగున కాంక్రీటు దిమ్మ వేయకపోతే ఖాళీ ట్యాంకు వానాకాలంలో పైకి తేలుతుంది. దానికి 62,000.

ఆ విధంగా మొదటి తరగతిలో 4.03 లక్షల కేటాయింపులో 2.90, రెండో తరగతిలో 0.59లో 0.31 ఖర్చయ్యాయి. చివరి లెక్క 31.03 లక్షలు. యజమాని మధ్యలో అడిగిన రెండు ఏసీ లైన్లు, వెనుక వసారాకు జాలీ, అదనపు అలమరాలకు 2.15 లక్షలు విడి బిల్లుగా చెల్లించారు. వాటిని అసలు అంచనాలో కలపకపోవడం వల్లనే అంచనాను ఖర్చుతో పోల్చడం సాధ్యమైంది.

కాంట్రాక్టరు బిల్లుల్లో 5 శాతాన్ని ఈశాన్య రుతుపవనం ముగిసేదాకా నిలిపి ఉంచాము. అక్టోబరు వానలకు మండువా ఆగ్నేయ మూల దోనె చివర ఒకచోట నీరు కారింది. రేకు అంచును మరో మూడు అంగుళాలు పెంకుల కిందికి పొడిగించి సరిచేశారు. ఆ తరువాతి వానలకు కారడం లేదని నిర్ధారించుకొని జనవరిలో మిగిలిన మొత్తం విడుదల చేశాము. పెరట్లోని పశువుల పాకను కూడా బాగు చేయాలని యజమాని ఇప్పుడు అడుగుతున్నారు. దాని కప్పు ఇంకా తెరిచి చూడలేదు కాబట్టి దానికి అంకె ఇవ్వలేదు.